కూడు ఒకచోట... గూడు ఒకచోట

ఊళ్లో సెంటున్నర స్థలం, దాని మీద సగంలో ఆగిన గోడలు. పట్నంలో రేకుల షెడ్డు, దానికి డోర్ నంబరు లేదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఈ రెండూ చాలాసార్లు ఒకే కుటుంబానివి. పేదల ఇళ్ల మీద, బయటినుంచి వచ్చినవాళ్ల మీద ఇన్నేళ్లుగా సాగుతున్న వాదన మాత్రం ఈ రెంటినీ కలిపి చూడదు.

వరికుంటపాడు మండలంలో ఊరి చివరి దాకా నడిస్తే ఇళ్ల స్థలాల లేఅవుట్ ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు. చిల్లచెట్ల మధ్య నంబర్లు వేసిన హద్దురాళ్లు కనిపిస్తాయి. కొన్నిటి దగ్గర బేస్‌మెంట్ దాకా లేచి ఆగిన రాతికట్టు ఉంటుంది. దాని మూలల్లో ఇనుప కమ్మీలు తుప్పు పట్టి నిలబడి ఉంటాయి. కొన్ని గోడల దాకా వచ్చాయి, స్లాబ్ పడలేదు. స్లాబ్ పడి, రంగు కూడా వేసుకున్న ఇళ్లలో కొన్నిటికి తాళాలు. ఇంటివాళ్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు. సంక్రాంతికి వస్తారు, నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లకు వస్తారు. అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లు వాళ్లను పలకరించే తీరు ఒకటే: "ఎప్పుడొచ్చినావబ్బయ్యా, మళ్లా ఎప్పుడు పోతావు?" పోవడం ఖాయమని అడిగేవాళ్లకూ తెలుసు.

2020 డిసెంబరు 25న అప్పటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం రాష్ట్రమంతటా 30 లక్షలకు పైగా ఇళ్ల పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48.4 గజాలు, సెంటున్నరంటే 72.6. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు, కట్టుకోవడానికి లక్షా 80 వేల రూపాయల సాయం. కూటమి ప్రభుత్వం వచ్చాక 2025 జనవరిలో పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇవ్వాలని మంత్రివర్గం తీర్మానించింది. ఆగిపోయిన ఇళ్లను పూర్తి చేసుకోవడానికి బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష అదనంగా ఇస్తామని అదే ఏడాది ప్రకటించింది. సాయం పెరిగింది, మంచిదే. కానీ రెండు ప్రభుత్వాల హయాంలోనూ గొడవంతా సెంట్ల మీదే నడిచింది. సెంటు స్థలం సమాధికే సరిపోతుందని ఒకరు, పేదల ఇళ్లను సమాధులతో పోలుస్తారా అని ఇంకొకరు 2023లో సభలు పెట్టి మరీ అనుకున్నారు. ఆ స్థలం ఉన్న ఊళ్లో ఆ మనిషికి పని దొరుకుతుందా అన్న మాట మాత్రం ఏ మైకులోనూ వినపడలేదు.

మెట్టలో ఇంటికి గేదెను కట్టేసే చోటు కావాలి. వామి వేసుకునే జాగా కావాలి. వాన మొదలైతే కల్లంలోని కందులు తెచ్చి పోసుకునే వసారా కావాలి. సెంటున్నరలో ఇల్లు కట్టాక వీటికి మిగిలేది గోడ పక్క సందు. ఊళ్లో ఉండి సేద్యం చేసుకునేవాడికి అది చాలదు, ఊరు విడిచిపోయేవాడికి దాంతో పని లేదు. మూడు సెంట్లయితే మొదటివాడి ఇబ్బంది కొంత తీరుతుంది. రెండోవాడి సంగతి ఎవరూ ఆలోచించలేదు.

ఇళ్లు కట్టేవాళ్ల ఇళ్లు

పడమటి మండలాల నుంచి పట్నం పోయేవాళ్లలో చాలామంది చేతిలో ఉన్న పని బేల్దారి. పక్కనే ఉన్న పామూరు, కనిగిరి ప్రాంతాల మేస్త్రీలకు ఈ పనిలో మరీ పేరు. దేశంలో ఎక్కడ కట్టడం లేస్తుంటే అక్కడ ఆ ప్రాంతం వాళ్లు తగులుతారంటారు. ఇటు ఉదయగిరి, దుత్తలూరు, వరికుంటపాడు, మర్రిపాడు మండలాల జనమూ అదే దారి పట్టారు. మగవాళ్లు తాపీ, సెంట్రింగ్, రాడ్‌బెండింగ్. ఆడవాళ్లు ఇసుక జల్లించడం, గంపలు మోయడం, క్యూరింగ్.

లక్షా 80 వేలకు ఇల్లు లేస్తుందో లేదో చెప్పడానికి వీళ్లకు హౌసింగ్ ఇంజినీరు అక్కర్లేదు. పునాదికి రాయి ఎంత, స్లాబుకు సిమెంటు ఎన్ని బస్తాలు, కమ్మీ ఎన్ని క్వింటాళ్లు అన్నది నోటి లెక్క. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఇసుకా, పొదుపు సంఘం ద్వారా వచ్చే పావలా వడ్డీ అప్పు 35 వేలూ కలుపుకున్నా చేతి డబ్బు పడక తప్పదు. ఆ చేతి డబ్బు సంపాదించడానికి పట్నం పోవాలి. పోయాక తన ఇల్లు తాను కట్టుకుందామని నెల రోజులు ఊరొస్తే, ఆ నెల కూలి పోతుంది. మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరదు, గుంపులో తన స్థానం ఇంకొకడికి పోతుంది. అందుకే పండక్కి వచ్చినప్పుడు ఒక వరుస, తిరునాళ్లకు వచ్చినప్పుడు ఇంకో వరుస. అధికారుల రికార్డులో ఆ ఇల్లు 'బేస్‌మెంట్ లెవెల్' అని ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. సమీక్షల్లో దానికి లబ్ధిదారుడి నిర్లక్ష్యమని పేరు పెడతారు. పట్నంలో ఇరవై అంతస్తులు లేపే మనిషికి ఊళ్లో తొమ్మిది అడుగుల గోడ లేపడానికి తీరిక లేకపోవడం నిర్లక్ష్యమెలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

అసలు ఊరెందుకు వదిలారు? నెల్లూరంటే బయటివాళ్లకు పెన్నా డెల్టా, మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు గుర్తొస్తాయి. అది తూర్పు నెల్లూరు. పడమట వెలుగొండల నీడలో ఉన్న మెట్ట దారి వేరు. ఇక్కడ బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచి నీటి జాడ చూసేవాళ్లకు నేటికీ గిరాకీ ఉంది. నీళ్లు పడినా కొన్ని ఊళ్లలో అవి ఫ్లోరైడ్ నీళ్లు. పొగాకు ఉంది. కలిగిరిలో, మర్రిపాడు మండలం డీసీపల్లిలో బోర్డు వేలం కేంద్రాలున్నాయి. ధర బాగున్న ఏడాది పొగాకు కాల్చే బ్యారన్‌కు కొత్త రేకులు పడతాయి, బాగోని ఏడాది బ్యారన్ యజమాని కొడుకు కూడా బెంగళూరు బస్సు ఎక్కుతాడు. కంది, మినుము వాన చేతిలో ఉన్నాయి. జామాయిల్ వేసిన భూమిలో కూలీకి పని ఏళ్లకోసారి, నరికేటప్పుడు మాత్రమే.

నీళ్లొస్తే ఇదంతా మారుతుందని చెబుతూనే ఉన్నారు. వెలుగొండ ప్రాజెక్టుకు 1996 మార్చి 5న శంకుస్థాపన జరిగింది. మూడు జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలన్న ఆ పథకంలో నెల్లూరు జిల్లా వాటా 84 వేల ఎకరాలు. రెండో సొరంగం తవ్వకం కూడా పూర్తయిందని 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు. సొరంగం ఉంది సరే, జలాశయం నింపాలంటే మునిగే ఊళ్లవాళ్లకు పరిహారం, పునరావాసం ముందు పూర్తి కావాలి. ఇక్కడివాళ్లు ఊరు విడవకుండా ఉండాలంటే అక్కడివాళ్లు ఊరు విడవాలి. ఆ లెక్క తేలక కాలువలు ఎదురుచూస్తున్నాయి. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడికి ఇప్పుడు ముప్ఫయ్యేళ్లు. నీళ్లొచ్చేదాకా ఆగే ఓపిక అతని తండ్రికి ఉండి ఉండొచ్చు, అతనికి లేదు.

పట్నంలో ఎవరి లెక్కలో?

మెట్ట నుంచి వెళ్లినవాళ్లు హైదరాబాదులో కట్టే అపార్ట్‌మెంట్ల పక్కనే ఉంటారు. బిల్డరు వేసిన రేకుల షెడ్లు, ఒక్కో గదిలో ఒక కుటుంబం, వరుసకంతటికీ ఒక కుళాయి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం పనివాళ్లకు యజమాని ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాల్సి ఉండేది, వంటకు, స్నానానికి, మరుగుదొడ్డికి విడిగా ఏర్పాట్లు ఉండాల్సింది. చట్టంలో రాసింది బాగానే ఉంది. 2024 మే 7 రాత్రి హైదరాబాద్ బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ వానకు కూలి కిందనున్న షెడ్ల మీద పడింది. ఏడుగురు పోయారు, వాళ్లలో ఒక పసివాడూ ఉన్నాడు. వాళ్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూలీలు. ఆ షెడ్లలో తెలుగువాళ్లు లేకపోవడం వారం తేడా, సైటు తేడా. అంతకు మించి ఏమీ లేదు.

కట్టడం పూర్తయితే షెడ్డు ఎత్తేస్తారు, ఇంకో సైటుకు పోతారు. పిల్లల బడి ఆ షెడ్డుతోనే మారుతుంది. కొన్నాళ్లకు మానేస్తారు, లేదా ఊళ్లో అవ్వా తాతల దగ్గర వదిలేస్తారు. ఊళ్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు మాత్రమే మిగిలారని మనం బాధపడే దృశ్యం తయారయ్యేది ఇక్కడ.

రేషన్ విషయంలో కొంత మేలు జరిగింది. ఏ ఊరి కార్డయినా ఇంకోచోట చెల్లే ఏర్పాటు దేశంలో మొదట 2019 ఆగస్టులో మొదలైన రాష్ట్రాల జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. అంటే బియ్యం మనిషి వెంట నడవగలవని మనమే దేశానికి చూపించాం. ఇంటి పట్టా మాత్రం మనిషి వెంట నడవదు. కార్డు ఎక్కడుందో పట్టా అక్కడే. ఇరవై ఏళ్లుగా హైదరాబాదు మియాపూర్‌లో ఉంటున్నా కార్డు వరికుంటపాడులో ఉంటే స్థలం వరికుంటపాడులోనే. కార్డు మార్చుకుంటే ఊళ్లో పెద్దవాళ్ల పింఛనుకు, వచ్చే స్థలానికి ఎసరొస్తుందని భయం. మార్చుకోకపోతే పట్నంలో లేనట్టే లెక్క.

లేనట్టే లెక్కలో ఉండటమంటే ఏమిటో 2020 మార్చిలో తెలిసింది. లాక్‌డౌన్ మొదలవగానే హైదరాబాదు హాస్టళ్లు, పీజీలు ఖాళీ చేయమన్నాయి. పోలీసులు ఊరికి పోవచ్చని పాసులిచ్చారు. 25వ తేదీ నాటికి వేల మంది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టుకు చేరారు. అక్కడ ఆపేశారు. సొంత రాష్ట్రంలోకి రావాలంటే 14 రోజులు క్వారంటైన్‌కు ఒప్పుకోవాలన్నారు. ఉన్న ఊరు పొమ్మంది, సొంత ఊరు ఆగమంది. బైకుల మీద వచ్చిన కుర్రాళ్లు వంతెన మీద రాత్రంతా కూర్చున్నారు. రాష్ట్రంలో తొలి కరోనా కేసు ఆ నెల 12న నెల్లూరులోనే బయటపడింది. అందుకని మన జిల్లా పల్లెల్లో కూడా బయటినుంచి వచ్చినవాడంటే హడలిపోయారు. కొన్ని ఊళ్లకు ముళ్లకంపలు అడ్డం వేసింది ఆ రోజుల్లోనే. కంప వేసినవాళ్లూ, కంప అవతల నిలబడ్డవాళ్లూ ఒకే ఇంటిపేరు వాళ్లు.

అమరావతిలో పోట్లాడుకున్నదేమిటి?

2023 ఆగస్టు 3, గురువారం. హైదరాబాద్ కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌ వేలంలో ఎకరా 100 కోట్ల 75 లక్షలు పలికింది. అదే రోజు అమరావతి ఆర్5 జోన్‌లో పేదల ఇళ్ల నిర్మాణంపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు స్టే ఇచ్చింది. తెలుగువాళ్ల ఇళ్ల సంగతి అంతా ఆ ఒక్క రోజు పేపర్లో ఉంది.

ఆర్5 గొడవ గుర్తున్నవాళ్లకు కూడా దాని పూర్వాపరాలు కలగాపులగమై ఉంటాయి. రాజధాని కోసం 2015లో రైతులు భూసమీకరణలో ఇచ్చిన భూమిలోంచి 1,402 ఎకరాలు తీసి, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల పేదలు 50,793 మందికి సెంటు చొప్పున పట్టాలివ్వాలన్నది నాటి ప్రభుత్వ నిర్ణయం. 2023 మే 26న పట్టాలిచ్చారు. తుది తీర్పుకు లోబడి అని సుప్రీంకోర్టు అంతకు కొద్ది రోజుల ముందే చెప్పింది. జులై 24న కృష్ణాయపాలెంలో ఇళ్లకు శంకుస్థాపన చేశారు. పది రోజులకు స్టే.

రైతుల మాటలో న్యాయం ఉంది. రాజధాని కడతామంటే భూములిచ్చారు, రాజధాని ఆపేసి అందులో ప్లాట్లు గీస్తే ఊరుకోరు. ప్రభుత్వం చేతిలోనూ చట్టం ఉంది. రాజధాని ప్రాంత సీఆర్‌డీఏ చట్టమే పేదల ఇళ్లకు ఐదు శాతం భూమి ఉంచాలని చెబుతోంది. పేదలొస్తే 'డెమోగ్రఫిక్ ఇంబ్యాలెన్స్' వస్తుందని కోర్టుల్లో వాదించారంటూ అప్పటి ముఖ్యమంత్రి ప్రతి సభలో ఎత్తిపొడిచారు. మనుషులు పక్కకొస్తే సమతూకం చెడుతుందన్న మాట ఎవరు అన్నా అది చెడ్డ మాటే. ఇంతవరకూ నా పేచీ ఎవరితోనూ లేదు. నా పేచీ ఆ తర్వాతి విషయంతో.

విజయవాడ కొండల మీద ఇరుకు గదుల్లో ఉంటూ బెంజ్‌సర్కిల్ అపార్ట్‌మెంట్లలో పాచిపని చేసుకునే మనిషికి కృష్ణాయపాలెంలో సెంటు ఇస్తే, పొద్దున్నే ఆరింటికి ఆమె పనిలోకి ఎలా వస్తుంది? ఆటోకు ఎంత పోతుంది, పసిపిల్లను ఎక్కడ వదులుతుంది? అనుకూలురూ వ్యతిరేకులూ ఈ ప్రశ్నను తాకలేదు. ఇరుపక్షాలకూ ఆమె ఒక సంఖ్య. 2024 తర్వాత ఆ పట్టాదారులకు సొంత ప్రాంతాల్లోనే స్థలాలో ఇళ్లో చూపిస్తామని కొత్త ప్రభుత్వం చెప్పింది. సొంత ప్రాంతమంటే పనికి దగ్గరనా, లేక కార్డు ఉన్న చోటనా? అది తేలితే సగం చిక్కు వీడుతుంది.

మనమెక్కడ స్థానికులం?

స్థానికులకే ఉద్యోగాలు అనే మాట విని మన రక్తం ఉడికిన సందర్భాలున్నాయి. 2024 జులైలో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు ఉద్యోగాల్లో కన్నడిగులకు కోటా పెట్టే బిల్లు తెచ్చింది. నిరసన వచ్చేసరికి పక్కన పెట్టింది. కంపెనీలను మా విశాఖకు రండని మన మంత్రి పిలిచారు, మనమంతా చప్పట్లు కొట్టాం. కానీ 2019 జులైలో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని దేశంలో మొదట చట్టం చేసింది ఆంధ్రప్రదేశ్ శాసనసభ! బెంగళూరు హోటళ్లలో, కట్టడాల్లో, సాఫ్ట్‌వేర్‌లో లక్షల మంది తెలుగువాళ్లుండగా చేసిన చట్టమది. హరియాణాలో అలాంటి చట్టాన్నే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది.

కువైట్ సంగతి మన పడమటి పక్కవాళ్లకు బాగా తెలుసు. వెలుగొండ అవతల కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి ఇంటికొకరు అక్కడ ఉంటారన్నా అతిశయోక్తి కాదు. 2020 జులైలో కువైట్ పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చిన ముసాయిదా ప్రకారం భారతీయులు ఆ దేశ జనాభాలో 15 శాతం మించకూడదు. అమలయితే ఎనిమిది లక్షల మంది వెనక్కి రావాల్సి వస్తుందని అంచనాలు వచ్చాయి. అప్పుడు ఆ పల్లెల్లో నిద్ర పట్టలేదు. అమెరికా వీసాల గోల వేరే చెప్పనక్కర్లేదు, అది మన పేపర్లలో రోజూ మొదటి పేజీలోనే ఉంటుంది.

హైదరాబాదులో ముల్కీ (స్థానికుల) ఉద్యోగాల గొడవ 1952 నాటిది. తమ ఉద్యోగాలు తమకు దక్కడం లేదన్న తెలంగాణ వాళ్ల బాధ నిజమైనది కాబట్టే అది 1969లో, ఆ తర్వాతా మళ్లీ మళ్లీ లేచింది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు కూలికి వలసెళ్లిన ఆంధ్రా కుటుంబాలు కూడా తలుపులు తీసుకుని లెక్క రాసేవాళ్ల కోసం ఇంట్లోనే కూర్చున్నాయి. ఏ లెక్కలో పడితే ఏం పోతుందో, పడకపోతే ఏం పోతుందో తెలియని బెంగ అది.

ఇప్పుడు నెల్లూరు జిల్లాలోనే చూడండి. తీరంలో రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో, కృష్ణపట్నం వైపు పనుల్లో, ఇటుక బట్టీల్లో ఒడిశా, బిహార్, బెంగాల్ కూలీలున్నారు. మనవాళ్లు చేయని కూలికి వాళ్లొచ్చారని కొందరంటారు, వాళ్లొచ్చినందుకే మన కూలి పెరగలేదని కొందరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. వాళ్లు ఉండేదీ రేకుల షెడ్లలోనే.

పొర్లుకట్ట కింద

నెల్లూరు నగరానికి పడమటి మెట్ట నుంచి వచ్చినవాళ్లకు మొదట దొరికే చోటు పెన్నా ఒడ్డు. వెంకటేశ్వరపురం, భగత్‌సింగ్ కాలనీ, పొర్లుకట్ట వెంబడి ఇళ్లు దశాబ్దాలుగా పేర్చుకుంటూ వచ్చాయి. 2021 నవంబరులో సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు ఏం జరిగిందో నగరం మర్చిపోలేదు. ఆ కాలనీలు మునిగాయి. కోవూరు వైపు జాతీయ రహదారి కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. వరద తగ్గాక వాళ్లు అక్కడికే తిరిగొచ్చారు. ఎందుకంటే పని అక్కడికి నడక దూరంలో ఉంది.

అక్కడికి దగ్గరలోనే పట్టణ పేదల కోసం ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లున్నాయి. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, 2014-19 మధ్య మొదలయ్యాయి. పురపాలక మంత్రి అప్పుడూ ఇప్పుడూ నెల్లూరువాసే. రాష్ట్రంలో ఈ ఇళ్ల సంఖ్యను తర్వాతి ప్రభుత్వం సుమారు 2.62 లక్షలకు కుదించింది. చాలాచోట్ల నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు లేక ఏళ్లు గడిచాయి. ఇల్లు చేతికి రాకముందే వాయిదా కట్టమని బ్యాంకు నోటీసులు అందుకున్న కుటుంబాలున్నాయి. బయట అద్దె, లోపల అప్పు. ఈ దౌర్భాగ్యం ఒక పార్టీది కాదు, రెండూ పంచుకోవచ్చు.

అద్దె గురించి మాత్రం ఇక్కడ ఎవరూ మాట్లాడరు. పేదవాడికి ఇల్లు అనగానే పట్టా, తాళంచెవి, ఫొటో. ఏడాదిలో ఎనిమిది నెలలు పట్నంలో పనిచేసి నాలుగు నెలలు ఊళ్లో ఉండేవాడికి కావాల్సింది సొంత ఫ్లాటు కాకపోవచ్చు. నెలకు భరించగలిగే అద్దెకు ఒక గది, నీళ్లు, పిల్లలకు బడి, తీసుకున్న అడ్వాన్సు తిరిగిచ్చే యజమాని ఉంటే చాలు. కరోనా దెబ్బకు కళ్లు తెరిచి కేంద్రం 2020 జులైలో అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ ఇళ్లను వలస కూలీలకు అద్దెకివ్వడం అందులో ఒక దారి. సూరత్‌లో, చండీగఢ్‌లో అలా ఇచ్చారు. ఇన్ని ఇళ్లు తాళాలేసుకుని కూర్చున్న రాష్ట్రంలో ఆ మాట ఎవరి నోటా రాకపోవడం వింత.

ఇక అసలే నీడ లేనివాళ్లు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లులేనివాళ్లు సుమారు 1.45 లక్షల మంది. పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధన ప్రకారం లక్ష జనాభాకు కనీసం వంద మంది తలదాచుకునే శాశ్వత షెల్టరు ఒకటి ఉండాల్సింది. ఐదు లక్షల పైచిలుకు జనమున్న నెల్లూరుకు ఆ లెక్కన ఐదైనా కావాలి. రాత్రి పదకొండింటికి రైల్వే స్టేషన్ ఎదుట, ఆర్టీసీ బస్టాండు అరుగుల మీద చూస్తే అవి సరిపోయాయో లేదో తెలుస్తుంది.

అందరికంటే పాతవాళ్లు

స్థానికులు, బయటివాళ్లు అని జిల్లాలో ఎవరైనా లెక్క మొదలుపెడితే యానాది గిరిజనుల దగ్గర ఆ లెక్క చెదిరిపోతుంది. ఈ నేల మీద వాళ్లకంటే ముందున్నవాళ్లు ఎవరో చెప్పడం కష్టం. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 5.37 లక్షల మంది, ఎక్కువమంది నెల్లూరు చుట్టుపక్కలే. శ్రీహరికోట దీవి వాళ్ల ఇల్లు. రాకెట్ కేంద్రం కోసం 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. అడవిలో ఉన్నవాళ్లను తీసి వేరేచోట పెట్టారు. దేశానికి గర్వకారణమైన ఆ కేంద్రం వెనుక ఈ మాట కూడా ఉంది.

పడమటి మెట్టలో వాళ్లు చెరువు కట్టల మీద, కాలువ గట్ల మీద, జామాయిల్ తోపుల పక్కన తాటాకు గుడిసెల్లో కనిపిస్తారు. తోపు నరికే పని ఉన్నన్నాళ్లు ఒకచోట, ఎలుకలు పట్టే పని ఉన్నన్నాళ్లు ఇంకోచోట. యజమాని ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి చెరువు కాపలాకో, బట్టీకో ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లున్నారు. ఆధార్ లేదు కాబట్టి కార్డు లేదు, కార్డు లేదు కాబట్టి పట్టా లేదు. పక్కా ఇల్లు వచ్చినా అది పనికి పదిమైళ్ల అవతలైతే గుడిసెకే తిరిగొస్తారు. వాళ్లకు ఇంట్లో ఉండటం చేతకాదని తీర్పు చెప్పే అధికారులను చూశాం. చేతకానిది ఇల్లు ఎక్కడ కట్టాలో అడగడం.

నా మట్టుకు ఈ వాదనంతా తప్పు చోట జరుగుతోంది. ఎన్ని సెంట్లు అన్నది ముఖ్యమే, ఎక్కడ అన్నది అంతకంటే ముఖ్యం. అర్హత ఉన్న కుటుంబం తన స్థలమో ఇల్లో ఊళ్లో తీసుకుంటుందా, పనిచేసే పట్టణంలో తీసుకుంటుందా, లేక కొన్నేళ్లు అద్దె సాయంగా తీసుకుంటుందా అన్నది ఆ కుటుంబమే ఎంచుకోనివ్వాలి. బియ్యానికి చేసిన ఏర్పాటు ఇంటికి చేయలేమా? ఊరికి ఇన్ని, వార్డుకు ఇన్ని అన్న కోటా తప్పుతుందని, ఓట్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారతాయని ప్రజాప్రతినిధులు ఒప్పుకోకపోవచ్చు. అసలు అడ్డు అక్కడే ఉందని నా అనుమానం. మెట్టకు నీళ్లు రావాలి, అది వేరే పోరాటం. నీళ్లొచ్చినా అందరూ తిరిగిరారు, రావాలని అడగడమూ న్యాయం కాదు.

2011 లెక్కల్లో దేశంలో 2.47 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి, 17.7 లక్షల మందికి ఇల్లే లేదు. ఆ తర్వాత లెక్క తీయనేలేదు. ఇళ్ల జాబితా 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో అని ప్రకటించారు. పుట్టిన ఊరేది, అంతకుముందు ఎక్కడున్నారు, ఎందుకు వచ్చారు అని ఎన్యూమరేటర్ అడుగుతారు. కార్డు పోతుందనో, పింఛను పోతుందనో భయపడి ఊళ్లో పెద్దవాళ్ల చేత మీ పేరు అక్కడ రాయించకండి. మీరు ఎక్కడ నిద్రపోతున్నారో అక్కడే, రేకుల షెడ్డయినా సరే, మీ పేరు రాయించుకోండి. ఊళ్లో తాళం వేసిన ఇంటిని తాళం వేసిన ఇల్లనే రాయించండి.